యూరప్‌లో రైలు టికెట్ ఎప్పుడు కొనాలి?

మీరు ఎక్కబోయే రైలు రేటు రోజురోజుకీ మారేదా, ఎప్పుడు కొన్నా ఒకటేనా, ముందు అది తెలుసుకోండి. ఎప్పుడు కొనాలన్నది దాన్ని బట్టే ఉంటుంది.

ఫ్రాన్స్‌లో టీజీవీ, ఇటలీలో ఫ్రెచ్చారోస్సా, జర్మనీలో ఐసీఈ, లండన్ నుంచి పారిస్ వెళ్లే యూరోస్టార్, ఈ హైస్పీడ్ రైళ్ల టికెట్లు విమానం టికెట్ల లాంటివి. చవకవి కొన్నే పెడతారు, అవి అయిపోయేకొద్దీ రేటు పెరుగుతూ పోతుంది. తత్కాల్ ఉంటుందిలే అని ఆగితే కుదరదు, మనకున్నట్టు వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ కూడా అక్కడ లేవు. ఇలాంటి రైళ్లకు నేనైతే రెండు మూడు నెలల ముందే కొంటాను. వియన్నా నుంచి వెనిస్ వెళ్లే నైట్‌జెట్ లాంటి రాత్రి రైళ్లలో స్లీపర్ గదులు తక్కువ, వాటికి ఇంకా ముందు.

ఫ్లోరెన్స్ నుంచి పీసా వెళ్లే రెజొనాలే, అంటే మన ప్యాసింజర్ లాంటి బండికి మాత్రం అంత తొందర అక్కర్లేదు, బయల్దేరే ముందు స్టేషన్‌లో కొన్నా అదే రేటు. స్విట్జర్లాండ్‌లో కొండలు చూడ్డానికి వెళ్తుంటే మామూలు టికెట్ ఆ రోజు పొద్దున కొనడమే మంచిది, ఎందుకంటే పైన మబ్బు కమ్మిందంటే అంత డబ్బు పెట్టి ఎక్కినా ఏమీ కనిపించదు. లక్సెంబర్గ్‌లో అయితే 2020 మార్చి నుంచి సెకండ్ క్లాస్ ఉచితం.

మనకు అసలు టెన్షన్ వీసాతోనే. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచీ అప్లై చేసుకోవచ్చు, కాబట్టి ఆ పని ముందుగా కానిచ్చేయండి. పాస్‌పోర్టు మీద స్టిక్కర్ పడేదాకా రిఫండ్ రాని టికెట్ జోలికి పోకండి. యూరోస్టార్‌లో లండన్ కూడా అనుకుంటే బ్రిటన్ వీసా వేరేగా కావాలి.

ఇంకొకటి, దిగిన రోజుకు చవక టికెట్ అస్సలు వద్దు. నేను రోమ్‌లో దిగిన మూడు గంటలకే ఫ్లోరెన్స్ రైలు పెట్టుకున్నాను. విమానం ఆలస్యమైంది, ఇమిగ్రేషన్ లైను కదల్లేదు, నేను టెర్మినీ స్టేషన్‌కి చేరేసరికి రైలు వెళ్లిపోయింది. ఆ టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది కాబట్టి మళ్లీ పూర్తి రేటు పెట్టి కొన్నాను. ఇప్పుడు మొదటి రాత్రి దిగిన ఊళ్లోనే ఉంటున్నాను, లేదంటే ఏ రైలైనా ఎక్కనిచ్చే ఖరీదైన టికెట్ తీసుకుంటున్నాను.

క్రిస్మస్‌కి వెళ్లేవాళ్లు రైళ్లు కనిపించడం లేదని కంగారు పడకండి. ఏటా డిసెంబర్ మధ్యలో యూరప్ అంతా టైమ్‌టేబుల్ మారుతుంది, ఆ తర్వాతి తేదీలకు కొన్నిసార్లు బుకింగ్ ఆలస్యంగా తెరుస్తారు. రెండు మూడు రోజులకోసారి చూస్తూ ఉండండి.

జర్మనీలో ఐసీఈ సెకండ్ క్లాస్ టికెట్ కొన్నంత మాత్రాన సీటు వచ్చినట్టు కాదు, దానికి విడిగా కట్టాలి. అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే టికెట్‌తో పాటు సీట్లు కూడా అప్పుడే తీసేసుకోండి, లేకపోతే రద్దీ రోజుల్లో వాళ్లు గంటల తరబడి నిలబడాల్సి వస్తుంది.