చరిత్రకారుడైన విద్యామంత్రి గురించి రాయడం ఎలా? నూరుల్ హసన్ ఉదాహరణ

విద్యామంత్రిగా పనిచేసిన చరిత్రకారుని గురించి వ్యాసం రాయదలచినవారు ముందు ఆయన పదవులను పక్కనపెట్టి పరిశోధనను చదవాలి. ప్రొఫెసర్ ఎస్. నూరుల్ హసన్ (1921–1993) విషయంలో ఇది మరీ అవసరం. లక్నోలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించిన ఆయన, మొగలుల కాలంనాటి జమీందారులందరినీ ఒకే గాటన కట్టలేదు. స్వతంత్రంగా ఏలుకునే సంస్థానాధీశులు, శిస్తు వసూలు చేసి సర్కారుకు చెల్లించే మధ్యవర్తులు, భూమిపై నేరుగా హక్కున్న ప్రాథమిక జమీందారులు అని మూడు తరగతులుగా విడదీసి, ఒకే వ్యక్తి ఒకటికి మించిన తరగతుల్లో ఉండవచ్చని కూడా చెప్పారు. ఎవరి హక్కు ఎంతవరకు అని విడమరచే ఈ పద్ధతినే ఆయన పదవీకాలానికీ వర్తింపజేయడం మంచిదని నా అభిప్రాయం.

మొదట హోదా సరిచూసుకోండి. 1968లో రాజ్యసభకు వచ్చిన ఆయన, 1970ల తొలినాళ్ల నుంచి 1977 వరకు విద్యాశాఖను స్వతంత్ర హోదాగల సహాయ మంత్రిగా నిర్వహించారు. తరువాత తేదీలు చూడండి. పాఠ్యపుస్తకాలు రూపొందించే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ వెలువరించిన వివాదాస్పద చరిత్ర పుస్తకాలన్నీ ఆయన చలవేనని రాసేవారు కనిపిస్తారు. కానీ చరిత్రకారిణి రొమిలా థాపర్ రాసిన ప్రాచీన భారత పాఠ్యపుస్తకం 1966లోనే, అంటే ఆయన మంత్రి కాకముందే వెలువడింది. 1972లో ఏర్పడిన భారత చారిత్రక పరిశోధన మండలిని మాత్రం ఆయన కృషి నుంచి విడదీయలేం.

తెలుగు పాఠకుల కోసం రాసేటప్పుడు హైదరాబాద్ విశ్వవిద్యాలయం వద్ద కాస్త ఆగాలి. తెలంగాణ, జై ఆంధ్ర ఉద్యమాల అనంతరం 1973 సెప్టెంబరులో కుదిరిన ఆరు సూత్రాల పథకం, దాని ఫలితంగా 32వ సవరణతో రాజ్యాంగంలో చేరిన, ఆంధ్రప్రదేశ్‌లో కేంద్ర విశ్వవిద్యాలయం ఏర్పాటుకు వీలిచ్చిన 371-ఇ అధికరణ, ఆపైన 1974 నాటి విశ్వవిద్యాలయ చట్టం, చివరికి సరోజినీ నాయుడు కుటుంబ నివాసమైన గోల్డెన్ థ్రెషోల్డ్‌లో మొదలైన తరగతులు, ఈ వరుసలోనే విషయం చెప్పాలి. అది రాజకీయ ఒప్పందం నుంచి పుట్టిన నిర్ణయం. దానికి చట్టరూపం వచ్చింది ఆయన విద్యాశాఖలో ఉన్నప్పుడు. ఈ రెంటినీ కలగాపులగం చేస్తే ఉద్యమకారులకూ మంత్రికీ ఇద్దరికీ అన్యాయమే.

ఎమర్జెన్సీ కాలమంతా ఆయన పదవిలోనే ఉన్నారని, 1976 నాటి 42వ సవరణ విద్యను రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మార్చిందని దాచకుండా రాయండి. మాస్కోలో రాయబారి పదవికీ, ఒడిశా, పశ్చిమ బెంగాల్ గవర్నర్‌గిరీలకూ రెండు వాక్యాలు చాలు.

ఆధారాల కోసం పత్రికల నివాళి వ్యాసాలకన్నా పార్లమెంటు చర్చల ప్రతులను ముందు వెతకాలి. మంత్రి ఉభయసభల్లోనూ మాట్లాడతారు కనుక, ఆయన రాజ్యసభ సభ్యుడే అయినా లోక్‌సభ చర్చలనూ తిరగేయండి. ఆయన ప్రవేశపెట్టిన ఒక్కో బిల్లుపై సభ్యులు ప్రతిపాదించిన సవరణలనూ, వాటికి ఆయన ఇచ్చిన సమాధానాలనూ తేదీతో సహా రాసుకుని, ఆమోదం పొందిన చట్టంతో సెక్షన్ల వారీగా పోల్చి చూశాకే వ్యాసం మొదలుపెట్టండి.