వన్‌టౌన్ షావుకారు ఛైర్మన్ అయిన కథను తవ్వి తీయడం ఎలా?

బ్రిటిష్ హయాంలో విశాఖలో కొట్టు నడిపి, ఊరి పెద్ద కుర్చీ ఎక్కినాయన కోసం ‘మేయర్’ అని వెతికితే ఏమీ దొరకదు. ఇక్కడ కార్పొరేషన్ వచ్చిందే 1979లో. అంతకుముందు మున్సిపల్ ఛైర్మనే. ఇంగ్లీషు రికార్డుల్లో ఊరిపేరు ‘వైజాగపటం’ (Vizagapatam) అని ఉంటుంది, అలాగే వెతకండి.

ముందు అటక మీది లెక్కల పుస్తకాలు దింపండి. అసలు సరుకంతా అక్కడే. చిట్టాలో ఏ రోజు జమాఖర్చు ఆ రోజుది, ఆవర్జాలో ఒక్కో ఖాతాదారు లెక్క. మొదటి పుటలో తెలుగు సంవత్సరం పేరు ‘ప్రమోదూత’ అని ఉంటే 1930-31. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి 1870-71 కూడా కావచ్చు, చేతిరాతనీ ఖాతాదారుల పేర్లనీ చూసి తేల్చుకోవాలి. ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) వేసి ఉంటే దానికి 590 కలపండి: ఫసలీ 1340 అంటే 1930 జూలై నుంచి 1931 జూన్ దాకా. కూడికల్లో రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. దశాంశాల్లా చదివితే మొత్తం తేలదు.

1942 ఏప్రిల్ దగ్గర చిట్టా ఆగిపోయిందా? దివాలా అని రాసేయకండి. ఆ నెల 6న జపాన్ విమానాలు ఊరిమీద బాంబులు వేశాయి, జనం పల్లెలకు తరలిపోయారు.

కొట్టు స్థలం దస్తావేజు కోసం రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్తే డోర్ నంబరు ఒక్కటే పట్టుకెళ్లకండి, నంబర్లు మారుతుంటాయి. నాలుగు హద్దులూ రాసుకెళ్లండి.