మందుకు పసుపు వాడాలంటే కొమ్ములే కొనండి

మాది ఆర్మూర్ దగ్గర పల్లె. పసుపు తవ్వకాలు మొదలైతే ఊరంతా ఉడికిన పసుపు వాసనే. అందుకే మందుకని పసుపు అడిగిన వాళ్లందరికీ నేను ముందు చెప్పేది, పొడి కాదు, కొమ్ములు కొనమని. పొడిలో లెడ్ క్రోమేట్ లాంటి విషపు రంగులు కలిపినా కంటికి తెలీదు. కొమ్ముల్లో కూడా మరీ నిగనిగలాడేవి వద్దు. ఒకటి విరిచి చూడండి. టక్కున విరిగి, లోపల ముదురు నారింజ రంగులో ఉంటే బాగా ఎండినట్టు. రోట్లో నలగ్గొట్టి, మిక్సీలో పట్టి, జల్లించుకోండి. మిక్సీ జారుకు పట్టిన పసుపు మరక తోమితే పోదు, ఎండలో పెడితే పోతుంది.

గొంతు గరగరలాడుతుంటే గ్లాసుడు పాలలో పావు చెంచా పసుపు, దంచిన మిరియాలు నాలుగు వేసి సన్నని సెగ మీద అయిదు నిమిషాలు మరగనివ్వండి. మీగడ తీయని పాలే వాడండి. పసుపుకు ఆ రంగునిచ్చే కుర్కుమిన్ అనే పదార్థం నీళ్లలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. మిరియాలు ఊరికే వేయం. 1998లో బెంగళూరు పరిశోధకులు కుర్కుమిన్‌తో పాటు మిరియాల్లోని పైపెరిన్ ఇచ్చి చూస్తే, ఒంటికి అందే కుర్కుమిన్ 20 రెట్లు పెరిగింది. వాళ్లు ఇచ్చింది శుద్ధమైన కుర్కుమిన్. మన పొడిలో ఉండేది నూటికి మూడు పాళ్లే. కాబట్టి ఈ పాలతో జలుబు మాయమైపోదు, గొంతుకు హాయిగా ఉంటుంది. జ్వరం తగ్గకపోతే డాక్టర్ దగ్గరికే వెళ్లండి.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు కూరల్లో పసుపు మామూలుగా తినొచ్చు. పసుపు మాత్రలు మాత్రం డాక్టర్‌ని అడగకుండా మింగొద్దు.

కాలిన చోట పసుపు అద్దకండి. మా తమ్ముడి చేతి మీద మరిగే నూనె పడితే, కంగారులో నేనే గుప్పెడు పసుపు అద్దాను. ఆస్పత్రిలో ఆ పొడి పచ్చి చర్మానికి అతుక్కుపోయి ఊడిరాలేదు. తడిపి తడిపి తీస్తుంటే వాడు నా చెయ్యి పట్టుకుని ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ మర్చిపోలేను. కాలితే చేయాల్సింది ఒక్కటే: వెంటనే కుళాయి తిప్పి, 20 నిమిషాలు చల్లటి నీళ్లు ధారగా పోయాలి. ఐసు కూడా పెట్టొద్దు. తర్వాత శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆస్పత్రికి తీసుకెళ్లండి.