మందు కొట్టే ముందు దుబ్బు మొదట్లో సాలీడును లెక్కపెట్టడం ఎలా

బాపట్ల దగ్గర మాకు మూడెకరాల వరి ఉంది. సార్వాకు ఎప్పుడూ సాంబ మసూరే, అంటే బీపీటీ 5204. మా బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన రకం. అన్నానికి దానికి తిరుగు లేదు, దోమపోటుకు మాత్రం ఇట్టే లొంగిపోతుంది. దోమ అంటే మనల్ని కుట్టేది కాదు, వరి దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే చిన్న పురుగు. ఒక ఏడాది నాట్లు వేసిన నెలకే, ఆకుచుట్టు పురుగు నాలుగు ఆకులు మడిచిందని కంగారుపడి, కొట్టువాడు చెప్పిన సింథటిక్ పైరిత్రాయిడ్ మందు పిచికారీ చేయించాను. పురుగు పోయింది. చేను చీర ఆరేసినట్టు పచ్చగా ఉంది. దీపావళి వెళ్ళాక నడిమి మడిలో గుండ్రంగా, సుళ్ళు తిరిగినట్టు ఎండిపోవడం మొదలైంది. సుడిదోమ అని ఊరికే అనలేదు.

తరువాత పొలంబడిలో, అంటే రైతులకు చేలోనే నేర్పే బడిలో, కూర్చున్నప్పుడు అర్థమైంది. దోమ గుడ్లు ఆకు తొడుగు లోపల ఉంటాయి, మందు వాటిని తాకదు. దుబ్బు మొదట్లో, నీటిపైన తిరిగే సాలీడు మాత్రం మందుకు చస్తుంది. గుడ్లు పగిలి పిల్లదోమలు బయటికి వచ్చేసరికి వాటిని తినేవాళ్ళు లేరు. అంటే కాపలా కుక్కను నేనే చంపి, దొంగకు తలుపు తీశాను.

ఆ కాపలాదారు పేరు తోడేలు సాలీడు. శాస్త్రం పేరు పార్డోసా సూడోఆన్యులేటా. పలకలేకపోతే వదిలేయండి, నేనూ పలకలేను. గూడు కట్టి కూర్చునే రకం కాదు, పరుగెత్తి పట్టుకునే రకం. ఒళ్ళు చిటికెన వేలి గోరంత, గోధుమరంగు. వీపు ముందు భాగంలో పంగలకర్ర గుర్తు ఉంటుంది. అది కనిపిస్తే ఇక అనుమానం లేదు. ఆకుల మీద కాళ్ళు బారచాపి గడ్డిపరకలా పడుకునే పొడుగు సాలీడు వేరు. అదీ మనదే, కానీ దుబ్బు మొదట్లో దోమను పట్టేది ఎక్కువగా తోడేలు సాలీడే.

చూడటానికి మంచి వేళ పొద్దున్నే, ఎండ ఎక్కకముందు. గట్టు నుంచి చూస్తే ఏమీ కనిపించదు, మడిలోకి దిగాలి. మూలగా నడుస్తూ ఇరవై దుబ్బులు ఎంచుకోండి. ఒక్కోదాన్ని మెల్లగా పక్కకు వంచి, మొదట్లో రెండు మూడు సార్లు అరచేత్తో తట్టండి. దోమలు నీళ్ళమీద రాలి ఎగురుతాయి. సాలీడు అలా కాదు, నీటిమీద నేలమీద పరుగెత్తినట్టే పరుగెత్తి పక్క దుబ్బు ఎక్కుతుంది. కొన్నిసార్లు కాండం పట్టుకుని నీటిలోకే దిగిపోతుంది. అప్పుడు అక్కడే నిలబడండి, మీ నీడ దానిమీద పడనివ్వకండి. ఒంటి నూగులో గాలి చిక్కుకుని, నీటి అడుగున వెండి పూసలా మెరుస్తుంది. కాసేపటికి పైకి వస్తుంది, ఒంటిమీద తడి ఉండదు.

నీళ్ళు తేరుకుని ఉన్న మడిలో, ఎండ పడుతున్నప్పుడు ఇంకొకటి గమనించండి. సాలీడు నీటిమీద ఆగినప్పుడు దాన్ని కాక, కింద బురదను చూడాలి. కాళ్ళు ఆనిన చోటల్లా నీటి పొర చిన్న గుంటలా నొక్కుకుంటుంది, చిరగదు. ఆ గుంటల నీడలు బురదమీద గుండ్రటి నల్ల చుక్కల్లా పడతాయి, చుట్టూ సన్నటి వెలుగు అంచుతో. మొదటిసారి చూసినప్పుడు లెక్కపెట్టడం మానేసి పావుగంట అలాగే నిలబడ్డాను. కూలీలు నాకేదో అయిందనుకున్నారు.

రాత్రి చూడటం ఇంకా సులువు. తలకు కట్టుకునే లైటు కొనుక్కోండి. చేతిలో టార్చి నడుము దగ్గర పట్టుకుంటే ఏమీ తెలియదు. వెలుగు మన కంటి పక్క నుంచే పోవాలి. సాలీడు కంటి వెనుక అద్దంలాంటి పొర ఉంటుంది, అందుకని వెలుగు వచ్చిన దారినే తిరిగి వస్తుంది. దుబ్బుల మధ్య లేతపచ్చగా చుక్కలు మెరుస్తాయి. మంచుబొట్టూ మెరుస్తుంది కానీ, మీరు తల కదిపితే రంగులు మారుస్తుంది. సాలీడు కన్ను మారదు, అది అటు తిరిగితే ఠక్కున ఆరిపోతుంది. గమ్‌బూట్లు, చేతికర్ర లేకుండా మాత్రం రాత్రి గట్టెక్కకండి. కట్లపాము తిరిగే వేళ అది.

వెనక తెల్లటి చిన్న మూట తగిలించుకుని కనిపిస్తే అది ఆడది, ఆ మూట గుడ్ల సంచి. పొదిగాక అరవై నుంచి ఎనభై పిల్లలు తల్లి వీపెక్కి తిరుగుతాయి. దూరానికి వీపుమీద మట్టి అంటినట్టు ఉంటుంది, దగ్గరికి వెళ్తే ఆ మట్టి కదులుతుంది. తల్లి బతికేది మూడు నాలుగు నెలలు, అంటే దాదాపు మన పంటకాలం. అన్ని రోజుల్లో పెట్టేది 200 నుంచి 400 గుడ్లు. రోజుకు 5 నుంచి 15 పురుగులు తింటుంది.

ఇక లెక్క. పుస్తకంలో రెండే గళ్ళు గీసుకోండి, దోమలకొకటి, సాలీళ్ళకొకటి. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే కొలత నాకు నచ్చింది. సాలీళ్ళు లేని చేలో పిలకకు, అంటే దుబ్బులో ఒక్కో కాండానికి, ఒక దోమ వచ్చిందంటే మందు ఆలోచించాలి, దుబ్బుకు ఒక సాలీడు ఉంటే పిలకకు రెండు దోమల దాకా ఆగవచ్చు. నేను వారానికి రెండుసార్లు చూస్తాను, సాలీళ్ళు తగ్గుతూ దోమ పెరుగుతుంటే రోజూ. ఆగడమంటే కళ్ళు మూసుకుని కూర్చోవడం కాదు. మడిలో నీళ్ళు తీసి ఆరగట్టండి. నాట్లప్పుడే రెండు మీటర్లకు ఒక కాలిబాట, జానెడు వెడల్పున వదిలి ఉంటే గాలీ వెలుతురూ మొదళ్ళకు తగులుతాయి. లెక్క దాటితే మందు కొట్టాల్సిందే, మొండికేయకండి. అయితే దోమకు పనిచేసేదే అడిగి, నాజిల్ దుబ్బు మొదళ్ళకు తగిలేలా పట్టించండి. పైరిత్రాయిడ్ మాత్రం వద్దు.

సాలీళ్ళు నిలవాలంటే గట్లమీద గడ్డి అంతా చెక్కేయకండి. కోతలయ్యాక అవి తలదాచుకునేది అక్కడే. ఎండుగడ్డి చిన్న కట్టలుగా కట్టి గట్ల వెంట పెడితే వాటిలో చేరతాయి. నాట్లు కుదురుకున్నాక ఆ కట్టలను మడిలో అక్కడక్కడా నిలబెట్టవచ్చు. నిరుడు మావారు గేదెకు వేద్దామని ఒక కట్ట లేపబోయి, "దీనిలో సంసారం ఉందే" అని మళ్ళీ అక్కడే పెట్టి వచ్చారు.