ఆస్ట్రేలియాలో పిల్లలకు రూమ్ ఖాయం చేసే ముందు ఆ ఏరియా లెక్కలు ఎలా చదవాలి

అనంతపురం, కర్నూలు, కడప నుంచి ఆస్ట్రేలియాకు పోయే పిల్లలు ఉన్న ఇళ్లలో వీసా రాగానే మొదలయ్యే టెన్షన్ రూమ్ గురించే. వాట్సాప్ గ్రూపులో ఒకరు "అక్కడ అద్దె తక్కువ, వెంటనే తీసుకోండి" అంటారు, ఇంకొకరు "ఆ ఏరియా వద్దు, మంచిది కాదు" అంటారు, ఎందుకో ఇద్దరూ చెప్పరు. ఆస్ట్రేలియాలో ప్రతి సబర్బ్ (నగరంలో మన పేట, నగర్ లాంటి ఏరియా) జనాభా లెక్కలూ ఉచితంగా దొరుకుతాయి. అనంతపురం సాయినగర్‌లో ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనే చూసుకోవచ్చు.

గూగుల్‌లో సబర్బ్ పేరు, రాష్ట్రం పేరు కొట్టి పక్కన "ఏబీఎస్ క్విక్‌స్టాట్స్ 2021" (ABS QuickStats 2021) అని పెట్టండి. రాష్ట్రం పేరు తప్పకుండా కొట్టాలి, ఒకే పేరుతో వేరే రాష్ట్రాల్లో కూడా సబర్బులు ఉంటాయి. ఏబీఎస్ అంటే అక్కడి ప్రభుత్వ గణాంకాల సంస్థ, ఐదేళ్లకోసారి జనాభా లెక్కలు తీస్తుంది. తెరుచుకున్న పేజీలో సబర్బ్ అంకె, రాష్ట్రం అంకె, దేశం అంకె పక్కపక్కనే ఉంటాయి. ఎప్పుడూ మూడూ కలిపే చూడండి, ఒక్క అంకె చూస్తే ఏమీ అర్థం కాదు. 2021లో దేశం మొత్తానికి మధ్యస్థ వయసు 38, ఇంటికి సగటున 2.5 మంది, ఇంటి మధ్యస్థ ఆదాయం వారానికి 1,746 డాలర్లు, మధ్యస్థ అద్దె వారానికి 375 డాలర్లు. మధ్యస్థం అంటే అందరినీ వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ ఉన్నవాళ్ల అంకె. అక్కడ అద్దె, జీతం వారం లెక్కన చెప్తారు కాబట్టి నెలకు ఎంతో తెలియాలంటే 52తో గుణించి 12తో భాగించండి. నాలుగుతో గుణిస్తే తక్కువ వస్తుంది, బడ్జెట్ అక్కడే తప్పుతుంది.

మొదట వయసు చూడండి. మధ్యస్థ వయసు 38 కంటే బాగా తక్కువ ఉంటే అది యువ సబర్బ్. కానీ దానికి కారణాలు వేరువేరుగా ఉంటాయి, అందుకే కిందికి జరిపి ఏ వయసువాళ్లు ఎంతమందో చూడాలి. మెల్‌బోర్న్ పడమర వైపు టార్నీట్ ఉంది, మనవాళ్లు చాలామంది ఉన్నచోటు, అక్కడ ఉద్యోగాలు చేసుకుంటూ లోన్ మీద ఇల్లు కొన్న యువ కుటుంబాలు ఎక్కువ. అడిలైడ్‌కు ఉత్తరాన సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని డావోరెన్ పార్క్ కూడా వయసులో చిన్నదే, కానీ ఆదాయంలో దేశంలోనే బాగా వెనకబడిన చోట్లలో ఒకటి. వయసు ఒక్కటే చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, తేడా తెలియాలంటే ఆదాయం, అద్దె ఇళ్లు, తల్లి గానీ తండ్రి గానీ ఒక్కరే పిల్లల్ని పెంచే కుటుంబాలు ఎన్ని అన్న వరుసలు చదవాలి. దేశం మొత్తంలో కుటుంబాల్లో ఇలాంటివి 15.9 శాతం. దానికి రెట్టింపు ఉన్నచోట ఒక్కరి ఆదాయం మీదే నడవాల్సిన ఇళ్లు ఎక్కువన్నమాట.

డావోరెన్ పార్క్ వైపు అలా ఎందుకైందో తెలుసుకోవాలి. దాని పక్కనున్న ఎలిజబెత్ పట్నాన్ని 1955లో ప్రభుత్వ హౌసింగ్ ట్రస్ట్ మొదలుపెట్టింది, ఫ్యాక్టరీ కార్మికుల కుటుంబాల కోసం ఆ చుట్టుపక్కలంతా ప్రభుత్వ ఇళ్లు కట్టారు. హోల్డెన్ కార్ల ఫ్యాక్టరీ అక్కడే ఉండేది. కాలం గడిచేకొద్దీ ఫ్యాక్టరీ పనులు తగ్గాయి, ప్రభుత్వ ఇళ్లు బాగా అవసరంలో ఉన్నవాళ్లకే ఇవ్వడం పెరిగింది, చివరికి 2017 అక్టోబర్ 20న ఆ ఫ్యాక్టరీ కూడా మూతపడింది. అక్కడి జనం సోమరిపోతులై ఈ అంకెలు రాలేదు, పని పోయింది కాబట్టి వచ్చాయి.

అద్దె దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఇలాంటి సబర్బులో మధ్యస్థ అద్దె చాలా తక్కువ కనిపిస్తుంది, కానీ ప్రభుత్వ ఇంట్లో ఉండేవాళ్లు మామూలుగా ఇంటి ఆదాయంలో నాలుగో వంతు దాకానే అద్దె కడతారు, ఆ అద్దెలన్నీ ఈ లెక్కలో కలిసి ఉన్నాయి. మీ అబ్బాయికి ఆ రేటు దొరకదు. పైగా అది 2021 నాటి అద్దె, ఆ తర్వాత బాగా పెరిగాయి. కాబట్టి ఇప్పటి రేటు కోసం డొమైన్ లాంటి ఇళ్ల సైట్లు చూడండి. సెన్సస్ పేజీలో మీకు పనికొచ్చేది వేరే వరుస, ఆదాయంలో 30 శాతానికి మించి అద్దెకే పోయే ఇళ్లు ఎన్ని అన్నది. దేశంలో అద్దె ఇళ్లలో అవి 32.2 శాతం. అంతకంటే బాగా ఎక్కువ ఉన్నచోట అద్దె కట్టలేక ఒకే ఇంట్లో ఎక్కువమంది సర్దుకునే అవకాశం ఉంటుంది, రూమ్ ఫొటోలు చూసి సంతోషపడకుండా ఇంట్లో మొత్తం ఎంతమంది ఉంటారో అడగండి.

పని విషయంలో నిరుద్యోగం శాతం ఒక్కటే చూడకండి. పని వెతుకుతున్నవాళ్లనే అందులో లెక్కేస్తారు, విసిగిపోయి వెతకడం మానేసినవాళ్లు "లేబర్ ఫోర్స్‌లో లేనివాళ్లు" అన్న వేరే వరుసలో ఉంటారు. రెండూ ఎక్కువ ఉన్నచోట ఇంటి పక్కనే పార్ట్‌టైమ్ పని దొరుకుతుందని ఆశ పెట్టుకోకూడదు. స్టూడెంట్ వీసా మీద చదువు నడిచేటప్పుడు రెండు వారాలకు 48 గంటలకు మించి పని చేయకూడదు కూడా, అందులో ప్రయాణానికి పోయే టైమ్‌కు ఎవరూ డబ్బులివ్వరు.

తర్వాత సీఫా (SEIFA), అంటే ఏ ఏరియా ఎంత ముందుందో, ఎంత వెనకబడిందో చూపడానికి ఏబీఎస్ విడిగా ఇచ్చే సూచికలు. వాటిలో వెనకబాటుతనం సూచికకు దేశం సగటు 1000, దానికంటే ఎంత తక్కువైతే అంత వెనకబాటు. సబర్బులన్నిటినీ పది భాగాలు చేస్తారు, 1వ భాగం అంటే అట్టడుగు పదో వంతు. ఇది ఏరియాకు ఇచ్చే అంకె, మనుషులకు కాదు, 1వ భాగంలో ఉన్న వీధిలో కూడా నర్సులు, టీచర్లు, సొంతిల్లు ఉన్నవాళ్లు ఉంటారు. నేరాల లెక్క ఇందులో అసలు లేదు, అవి ఆ రాష్ట్ర పోలీసు లెక్కల్లో విడిగా చూడాలి. సీమవాళ్లు అనగానే ఫ్యాక్షన్ అని బయటివాళ్లు నోరు పారేసుకుంటే మనకు ఎంత మండుతుందో మనకే తెలుసు, అలాంటప్పుడు పేదవాళ్ల కాలనీని పేరు చూసి "డేంజర్ ఏరియా" అని గ్రూపులో ఫార్వర్డ్ చేయడం మనం చేయాల్సిన పని కాదు.

2021 లెక్కలకు ఒక లోపం ఉంది. ఆగస్టు 10న లెక్క తీసేనాటికి సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో కరోనా లాక్‌డౌన్, దేశం సరిహద్దులు మూసి ఉన్నాయి, విదేశీ విద్యార్థులు చాలామంది తమ తమ దేశాల్లోనే ఆగిపోయారు. ఆదోని, కోసిగి వైపు జనం గుంటూరు మిర్చి కోతలకు సుగ్గికి (వలస కూలికి) పోయిన నెలల్లో వచ్చి తాళాలేసిన ఇళ్లు చూసి ఊరు లెక్క రాసుకున్నట్టు ఉంటుంది అది. అందుకే యూనివర్సిటీల దగ్గరి సబర్బుల్లో జనం అసలు కంటే తక్కువ కనిపించొచ్చు, ఆఫీసులకు ఎలా పోతారన్న లెక్క కూడా ఇంటి నుంచి పని వల్ల మారిపోయింది. 3, 4 లాంటి చిన్న అంకెలను అసలే నమ్మకండి, ఎవరి వివరాలూ బయటపడకుండా వాటిని కావాలనే కొంచెం అటూ ఇటూ మారుస్తారు. 2026 ఆగస్టు సెన్సస్ లెక్కలు చేతికొచ్చేదాకా ఇవే ఆధారం.

చివరగా వాహనాల వరుస చూడండి. ఆదాయం తక్కువైనా ఇంటింటికీ కార్లుంటే అక్కడ బస్సులు, రైళ్లు సరిపోవడం లేదేమో అని అనుమానించండి. గూగుల్ మ్యాప్స్‌లో రూమ్ అడ్రస్ నుంచి కాలేజీకి ఉదయం 8 గంటలకు, కాలేజీ నుంచి రూమ్‌కు రాత్రి 10 గంటలకు, ఆదివారం రాత్రికి కూడా అక్కడి టైమ్ పెట్టి చూసి, ఆ తర్వాతే అడ్వాన్స్ పంపండి.