గాయం కడగడం – 4వ పాఠం: ముందు గీకాలి, తర్వాతే ధార

పోయిన పాఠంలో 35 ఎంఎల్ సిరంజికి 19 గేజ్ సూది బిగించి నొక్కితే సుమారు 8 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి వస్తుందనీ, 4 నుంచి 15 మధ్య ఉంటే చాలనీ రాశాను. దాని మీద, మొండి పుళ్లలో బ్యాక్టీరియా కట్టే జిగట పొర (బయోఫిల్మ్) గురించి చాలామంది అడిగింది ఒక్కటే: "బయోఫిల్మ్ అంత గట్టిగా పట్టుకుంటే, ఒత్తిడి పెంచితే ఊడిపోదా సార్?" ఒకరైతే పల్స్ లవాజ్ (ద్రవాన్ని విడతలు విడతలుగా చిమ్మే యంత్రం) పూర్తి వేగంలో పెట్టి కడిగారట. వారం తిరక్కుండానే గాయంలో మళ్లీ అదే జిగట. అందుకే ఈసారి కడిగే ద్రావణాల సంగతి పక్కన పెట్టి, గీకడం గురించి చెబుతున్నాను.

పొద్దున్నే పళ్ల మీద నాలుకకు తగిలే పాచి కూడా బయోఫిల్మే. ఎంత పుక్కిలించినా అది పోదు, రుద్దాల్సిందే. గాయంలోనూ అంతే. బ్యాక్టీరియా చక్కెరలు, ప్రొటీన్లు, డీఎన్ఏ కలిసిన జిగురు కట్టుకుని అందులో దాక్కుంటుంది. ధార పెంచితే పైపొర కొంత లేస్తుంది, నిజమే. కానీ దాంతోపాటు మంచి కణజాలం నలుగుతుంది, మురికి ఇంకా లోపలికి దిగుతుంది. 2015లో వెలువడిన ఫ్లో ట్రయల్ చూడండి. ఓపెన్ ఫ్రాక్చర్లున్న (ఎముక విరిగిన చోట చర్మం కూడా తెగిన) 2,400 మందికి పైగా రోగుల్లో 1–2 పీఎస్ఐతో కడిగినా, 20 దాటించినా మళ్లీ ఆపరేషన్ అవసరమైన వాళ్ల శాతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అవి తాజా గాయాలు, మనవి మొండి పుళ్లు. అయినా ఒత్తిడి మీద మోజు తగ్గడానికి ఇది చాలు.

మత్తు, గ్లౌజులు, కళ్లద్దాలు మీకు తెలిసినవే. గీకడానికి నాకు బ్లేడు కంటే క్యూరెట్ (పదునైన అంచున్న చిన్న గరిటె లాంటి పరికరం) ఇష్టం, చేతికి కబురు చెబుతుంది. పాచి ఉన్నంతసేపూ తడి సబ్బు మీద నడిచినట్టు జారుతుంది. మంచి కణజాలం తగలగానే పట్టు దొరుకుతుంది, చిన్న చిన్న చుక్కలుగా నెత్తురు పొడుస్తుంది. అంచుల కింది గూళ్లు మరిచిపోకండి, నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆ తర్వాత సెలైన్ ధార. గీకినప్పుడు వదులైనదాన్ని బయటికి మోసుకుపోవడమే దాని పని. కాలి పుండైతే ముందు పాదంలో నాడి చూడండి. రక్తప్రసరణ లేని చోట క్యూరెట్ పెట్టకూడదు.

గీకిన తర్వాత 24 గంటల్లోనే పాచి మళ్లీ కట్టడం మొదలై, 72 గంటలకు ముదురుతుంది. యాంటిసెప్టిక్ డ్రెస్సింగ్ బాగా పనిచేసేది అది ముదిరేలోపే.

అభ్యాసం: రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి, పూల కాడలు వేసి ఐదు రోజులు ఉంచండి. ఒకదాని లోపలి గోడను 500 ఎంఎల్ సెలైన్‌తో సిరంజి ధార పెట్టి కడగండి. రెండోదాన్ని ముందు గాజ్‌తో రుద్ది, అంతే సెలైన్‌తో కడగండి. గ్లౌజు వేసుకున్న వేలితో రెండూ తడిమి చూడండి. రెంటిలో మంచినీళ్లు పోసి, 24 గంటలకోసారి మూడు రోజులు తడిమి, ఏది ఎప్పుడు జారిందో రాసి పంపండి. ఆ కాగితం అందాకే ద్రావణాల పాఠం.