చప్పుడు లేని, బరువు తక్కువ ఆఫీసు ల్యాప్‌టాప్‌కు మారే పద్ధతి

ల్యాప్‌టాప్‌లో ఫ్యాను హోరుకు కారణం వేడి. ఆ వేడి ప్రాసెసర్ వాడుకునే విద్యుత్తు నుంచి పుడుతుంది. అందువల్ల డబ్బు ఖర్చు పెట్టే ముందు, హోరు మొదలైన క్షణంలోనే విండోస్‌లో నడుస్తున్న ప్రోగ్రామ్‌లను చూపే టాస్క్ మేనేజర్ తెరిచి, ఏ ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ను అధికంగా వాడుతున్నదో చూడాలి. అనవసరమైన వాటిని ఆపి, గాలి రంధ్రాలలోని దుమ్ము తీయించి, విద్యుత్తు ఆదా అయ్యే పవర్ మోడ్ పెట్టిన తరువాత కూడా హోరు తగ్గకపోతే కొత్తది కొనడం సమంజసమే.

కొనేటప్పుడు వాట్లను బట్టి ఎంచుకోవాలి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర హెచ్ ఉంటే సాధారణంగా 45 వాట్ల తరగతి, యు ఉంటే 15 వాట్ల తరగతి. మెయిళ్లు, ఎక్సెల్, వీడియో సమావేశాలకు యు తరగతి చక్కగా సరిపోతుంది. 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200వి శ్రేణిలో అధిక భాగం 17 వాట్లవే కానీ, వాటిలో ర్యామ్ ప్రాసెసర్‌తోనే కలిసి ఉంటుంది కనుక తరువాత పెంచుకోలేము. మొదటే కనీసం 16 జీబీ తీసుకోవాలి.

ఫ్యానే లేని యంత్రాలూ ఉన్నాయి. 2020లో ఎం1 చిప్‌తో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్ 1.29 కిలోలే తూగుతుంది, చప్పుడు అసలు ఉండదు; అయితే బరువైన పని ఎక్కువసేపు సాగితే వేడికి వేగం తగ్గించుకుంటుంది. పైగా దానికి ఆపిల్ సూచించిన పరిసర ఉష్ణోగ్రత 10 నుంచి 35 డిగ్రీలు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో గంటల తరబడి వీడియో ఎడిటింగ్ చేసేవారికి నెమ్మదిగా తిరిగే ఫ్యాను ఉన్నదే మేలని నా అభిప్రాయం.

విండోస్‌తో నడిచినా, ఇంటెల్‌కు భిన్నమైన ఆర్మ్ రకం ప్రాసెసర్ ఉన్న స్నాప్‌డ్రాగన్ ల్యాప్‌టాప్‌లు సాధారణంగా చల్లగా, నిశ్శబ్దంగా ఉంటాయి. కానీ డిజిటల్ సంతకం టోకెన్‌తో (సంతకం భద్రపరిచిన యూఎస్‌బీ పరికరంతో) జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసేవారు ఇక్కడ తప్పక ఆగి ఆలోచించాలి. పాత ప్రోగ్రామ్‌లు ఎమ్యులేషన్ (ఇంటెల్ తరహా ప్రాసెసర్ల కోసం రాసినవాటిని ఆర్మ్‌పై నడిపే పద్ధతి) ద్వారా చాలావరకు నడిచినా, టోకెన్, వేలిముద్ర యంత్రం, పాత ప్రింటర్ వంటి వాటి డ్రైవర్లు (పరికరాన్ని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్లు) ఆర్మ్ ప్రాసెసర్ కోసం ప్రత్యేకంగా తయారై ఉండాలి. కాబట్టి కొనే ముందే వాటి తయారీదారు వెబ్‌సైటులో ఆర్మ్ డ్రైవర్ ఉన్నదో లేదో చూసుకోవాలి.

బరువు లెక్కలో ఛార్జరును కూడా కలపాలి, ఎందుకంటే బ్యాగులో రోజూ మోసేది రెండింటినీ. యూఎస్‌బీ-సీ ద్వారా ఛార్జ్ అయ్యే మోడల్ తీసుకుంటే 65 వాట్ల చిన్న గాన్ (గాలియం నైట్రైడ్‌తో చేసిన) ఛార్జరు ఒక్కటే ఫోనుకూ సరిపోతుంది. తేలిక కోసం కీబోర్డు ఉండే పైభాగాన్ని పలచగా చేసిన యంత్రాలూ ఉంటాయి. దుకాణంలో కీబోర్డు నడుమ వేలితో గట్టిగా నొక్కి, అది కిందికి కుంగుతున్నదేమో గమనించాలి. అక్కడి సందడిలో ఫ్యాను చప్పుడు తెలియదు. అందుకే మార్పిడి గడువును బిల్లు మీద రాయించుకుని, ఇంట్లో రాత్రి వేళ ఒక వీడియో కాల్ నడిపి వినాలి. గడువు దాటేవరకు పాత ల్యాప్‌టాప్‌లోని ఫైళ్లు చెరపకూడదు, బిట్‌లాకర్ (డిస్కులోని సమాచారానికి విండోస్ వేసే తాళం) రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోవాలి.